మయవాడి కాల్పులు: మనవాళ్లు ఇరుక్కున్న చోట తుపాకీ ఎవరి చేతిలో ఉంది?

"మావాడు మయవాడిలో ఉన్నాడండీ. అక్కడ మిలిటరీ ఉందటగా, ఢిల్లీ నుంచి ఒక్క ఫోన్ పోతే వదిలేస్తారుగా?" థాయ్‌లాండ్ సరిహద్దులో ఉన్న ఆ మయన్మార్ పట్టణం చుట్టుపక్కల సైబర్ మోసాల కాంపౌండ్లలో (ఉద్యోగమని రప్పించి బలవంతంగా ఆన్‌లైన్ మోసాలు చేయించే చోట్లలో) పిల్లలు చిక్కుకున్న ఇళ్లవాళ్లు మొదట అడిగే మాట ఇదే. అడగడంలో తప్పులేదు. ఆ భ్రమలో పోయే రోజులే ప్రాణం తీస్తాయి.

అపోహ: కొట్లాట సర్కారు సైన్యానికీ కరెన్ జాతి తిరుగుబాటుదారులకీ మధ్య. యూనిఫాం వేసినవాడు ఈ ఇద్దరిలో ఒకడు.

వాస్తవం: మూడోవాడున్నాడు, గేటు తాళం సాధారణంగా వాడి దగ్గరే ఉంటుంది. కరెన్ నేషనల్ యూనియన్ 1949 నుంచి బర్మా ప్రభుత్వంతో పోరాడుతోంది. 1994 చివర్లో బౌద్ధ కరెన్లు కొందరు చీలిపోయి డీకేబీఏ (డెమోక్రటిక్ కరెన్ బుద్ధిస్ట్ ఆర్మీ) పెట్టుకుని సైన్యం పక్కన చేరారు. వాళ్లలో ఎక్కువమంది 2010లో సైన్యం కింద బోర్డర్ గార్డ్ ఫోర్స్ అయ్యారు. సా చిట్ తూ నడిపే ఆ దళమే 2024లో కరెన్ నేషనల్ ఆర్మీగా పేరు మార్చుకుంది. యూనియన్‌వాళ్ల దళం పేరేమో కరెన్ నేషనల్ లిబరేషన్ ఆర్మీ. వాట్సాప్ వార్తల్లో ఈ రెండూ ఒకటైపోతాయి!

2024 ఏప్రిల్ చూడండి. 11న లిబరేషన్ ఆర్మీ, దాని మిత్రులు మయవాడిలో సర్కారు సైన్యం 275వ బెటాలియన్ స్థావరం పట్టుకున్నారు. మిగిలిన 200 మంది దాకా సైనికులు థాయ్‌లాండ్‌కి దారితీసే రెండో స్నేహ వంతెన కింద తలదాచుకున్నారు. రెండు వారాలైనా తిరక్కముందే సా చిట్ తూ మనుషుల అండతో సైన్యం మళ్లీ అక్కడికొచ్చింది. నిన్నటి శత్రువెవరో నేటి కాపలాదారెవరో చెప్పలేని నేల అది.

అందుకే ముందు కావాల్సింది కాంపౌండ్ పేరు. ష్వే కొక్కో మయవాడికి ఉత్తరాన, కేకే పార్క్ దక్షిణాన ఉన్నాయి. లొకేషన్, సరిహద్దు దాటిన తేదీ, పాస్‌పోర్టు మొదటి పేజీ, థాయ్ స్టాంపు పేజీ ఫొటోలు యాంగాన్, బ్యాంకాక్‌లలోని భారత ఎంబసీలకు పంపి, విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో నమోదు చేయండి. అబ్బాయి ఫోన్‌కి ఇవేవీ తిప్పి పంపకండి, అక్కడ ఫోన్లు తనిఖీ చేస్తారు.

అపోహ: డబ్బు కడితే వదిలేస్తారు. కట్టించుకుని ఇంకో కాంపౌండ్‌కి అమ్మేసిన సందర్భాలున్నాయి.

అపోహ: కాల్పులు మొదలైతే సరిహద్దులోని మోయి నది దాటేస్తే చాలు. 2025 అక్టోబరులో సైన్యం కేకే పార్క్ మీద పడ్డప్పుడు 1500 మందికి పైగా నది అవతలి థాయ్ పట్టణం మే సాట్ చేరారు, అందులో భారతీయులు 500 మంది దాకా. ఇంటిదారి పట్టింది నవంబరు 6న 270 మంది, 10న 197 మంది. స్టాంపు లేకుండా వచ్చినవాడు టికెట్ కొనుక్కుని విమానం ఎక్కలేడు. అతను అక్రమ రవాణా బాధితుడో కాదో థాయ్ అధికారులు విచారిస్తారు. ఏజెంట్ చాట్లు, డబ్బు పంపిన రసీదులు ఇంట్లోవాళ్లు చెరపకుండా ఉంచాల్సింది అందుకే.

ఇక విదేశీ ఉద్యోగాల ఏజెంటు లైసెన్సు సంగతి. విదేశాంగ శాఖ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో పేరు లేకపోతే వాడు ఏజెంటే కాదు. ఉన్నా, తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, అంతే.

ఉద్యోగం బ్యాంకాక్‌లో అని చెప్పి, ఎయిర్‌పోర్టు నుంచి కారు వాయవ్యంగా 500 కిలోమీటర్ల దూరంలోని మే సాట్ వైపు పోతోందా? దారిలో చెక్‌పోస్టు దగ్గరే దిగిపోవాలి. థాయ్ టూరిస్ట్ పోలీస్ నంబరు 1155.