తొట్టి, గొట్టం, బ్రేకు డిస్కు

స్పోర్ట్స్ కారు కొనబోతున్న ఒక పాఠకుడు అడిగారు: “ట్రాక్ మీదకి వెళ్లే ఉద్దేశం లేదు, రోడ్డు మీదే నడుపుతాను. కార్బన్ సెరామిక్ బ్రేకులు తీసుకోవాలా, ఇనుప డిస్కులు చాలా?”

ముందు ఒక పేరు గొడవ తేల్చుకోవాలి. మామూలు కార్లకు ‘సెరామిక్ ప్యాడ్లు’ అని అమ్మేవి వేరే సరుకు. ప్యాడ్ మిశ్రమంలో కాస్త సెరామిక్ పీచు కలిపి ఉంటుంది, అంతే. అవి రాసుకునేది చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కు మీదే. కార్బన్ సెరామిక్ బ్రేకులో మారేది ఆ డిస్కే. తరిగిన కార్బన్ పీచును ఫినాలిక్ రెజిన్ అనే జిగురుతో కలిపి అచ్చులో నొక్కుతారు. ఆక్సిజన్ తగలకుండా సుమారు 900 డిగ్రీల్లో కాలిస్తే రెజిన్ కూడా కార్బన్ అయిపోయి, సన్నటి రంధ్రాలతో స్పాంజిలా మిగులుతుంది. 1414 డిగ్రీలకు కరిగే సిలికాన్‌ను అంతకన్నా ఎక్కువ వేడిలో ఆ రంధ్రాల్లోకి పీల్పిస్తారు. అది కార్బన్‌తో కలిసి సిలికాన్ కార్బైడ్ అవుతుంది. గరుకు కాగితం మీద ఉండే పదార్థమే అది. పోర్షే 2001లో తన రోడ్డు కారు 911 జీటీ2కి దీన్ని బిగించింది.

రెండో సంగతి: కారు ఎన్ని మీటర్లలో ఆగుతుందన్నది తేల్చేది టైరు. పెడల్ గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోందంటే, టైరు పట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ బలం బ్రేకు దగ్గర ఇప్పటికే ఉన్నట్టు. టైరుకు 1 జీ పట్టు, అంటే కారు బరువుకు సమానమైన పట్టు, ఉంటే గంటకు 100 కిలోమీటర్ల నుంచి ఆగడానికి 39 మీటర్లు పడుతుంది. ఇనుమైనా సెరామిక్ అయినా అంతే. డిస్కు పెద్దదైతే బండి ముందే ఆగుతుందనే నమ్మకానికి, కాలిపర్‌కి (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగానికి) ఎర్రరంగు వేస్తే బ్రేకు బాగా పడుతుందనే నమ్మకానికి పెద్ద తేడా లేదు.

మరి డిస్కు చేసే పనేమిటి? వేడిని దాచుకుని మెల్లగా గాలిలోకి వదలడం. బడిలో ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అని నిర్వచనాలు బట్టీ పట్టించి వదిలేస్తారు. బ్రేకు డిస్కు చూపించి చెబితే ఒక్క పీరియడ్‌లో ఎక్కుతుంది. డిస్కును నీళ్ల పాత్ర అనుకోండి. పోసిన నీళ్లు ఉష్ణం, నీటిమట్టం ఉష్ణోగ్రత. పాత్ర ఎంత వెడల్పో అది డిస్కు ఉష్ణధారణ. గోడ పొడుగునా చిల్లులున్నాయి, వాటిలోంచి కారేదే గాలిలోకి పోయే వేడి.

ఇప్పుడు లెక్క. 1500 కిలోల కారు, గంటకు 60 కిలోమీటర్ల నుంచి ఆగితే సుమారు 208 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. ముందు చక్రాలు రెండూ కలిపి 70 శాతం మోస్తాయనుకుంటే ఒక్కో డిస్కు వాటా 73. పది కిలోల ఇనుప డిస్కు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 5 కిలోజౌళ్లు కావాలి. అంటే పెరిగేది 15 డిగ్రీలు. ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగడమంటే డిస్కుకి ఇంతే. గంటకు 200 కిలోమీటర్ల నుంచి ఆగితే, శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఒక్క దెబ్బకి 162 డిగ్రీలు.

సెరామిక్ డిస్కు బరువు దాదాపు సగం, అయిదు కిలోలనుకుందాం. కిలోకి ఇనుము కన్నా ఎక్కువ వేడి పడుతుంది, చల్లగా ఉన్నప్పుడు డిగ్రీకి సుమారు 0.8 కిలోజౌళ్లు. డిస్కు మొత్తానికి డిగ్రీకి 4. అదే 200 నుంచి ఆగితే 203 డిగ్రీలు! అంటే సెరామిక్ ఇనుము కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. ఇనుము వెడల్పాటి తొట్టి, సెరామిక్ సన్నటి పొడుగాటి గొట్టం. అందుకే సెరామిక్ డిస్కులను వ్యాసం పెంచి చేస్తారు. ఇనుముతో 350 మిల్లీమీటర్లు చాలిన చోట 380, 410 పెట్టడం అందుకే. 410 డిస్కు మీద కాలిపర్ కూడా పట్టాలంటే 20 అంగుళాల చక్రం తప్పదు. చిన్న రిమ్ము, మెత్తటి టైరు వేసుకుందామనే ఆశ అక్కడే పోతుంది.

గొట్టం గొప్పదనం దాని ఎత్తులో ఉంది. తొట్టి అంచు పొట్టి. 600, 700 డిగ్రీలకు మాటిమాటికీ ఎక్కి దిగితే పోత ఇనుముకు పగుళ్లు వస్తాయి, వ్యాకోచించి గొడుగులా వంగుతుంది. సెరామిక్ వ్యాకోచం చాలా తక్కువ కాబట్టి ఆకారం చెడదు. పైగా మట్టం పెరిగే కొద్దీ చిల్లులు జోరుగా కారతాయి. 300 డిగ్రీల దగ్గర కన్నా 600 దగ్గర గాలి లాక్కుపోయే వేడి రెండింతలు. వికిరణం కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి అది అయిదింతల పైనే. ఎర్రగా వెలిగే డిస్కు తన వేడిని తానే పారబోసుకుంటోందన్నమాట.

ఇక్కడే అసలు తిరకాసు. ఆ ఎత్తుకు నింపితే గొట్టం గోడే కాలుతుంది. 400, 500 డిగ్రీలు దాటాక కార్బన్ పీచు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. మందం తగ్గకుండానే డిస్కు లోపల గుల్లబారుతుంది, బరువు తగ్గుతుంది. ట్రాక్ మీద తరచూ నడిపేవాళ్లు సెరామిక్ డిస్కులు విప్పి పెట్టెలో దాచి, సరిపోయే ఇనుపవి బిగించుకోవడం అందుకే. వేడి తట్టుకునే గుణం ఎక్కడ అక్కరకొస్తుందో అక్కడ డిస్కు తరిగిపోతుంది. ఎక్కడ ఏళ్ల తరబడి మన్నుతుందో అక్కడ ఆ గుణంతో పనిలేదు. రోడ్డు మీద 15, 20 డిగ్రీల చొప్పున వేడెక్కే డిస్కుకి ఈ బాధే లేదు.

అయితే రోడ్డు మీద దీనివల్ల ఒరిగేదేమిటి? బరువు. నాలుగు చక్రాల దగ్గర కలిపి సుమారు 20 కిలోలు తగ్గుతుంది, అదీ స్ప్రింగుల కింద ఉండే బరువు. గతుకుల మీద చక్రం నేలను వదలకుండా ఉండడానికి అది పనికొస్తుంది. తిరిగే బరువు తగ్గి బండి దూసుకుపోతుందనేది మాత్రం అతిశయోక్తి. ఇరుసుకు 14 సెంటీమీటర్ల దూరంలో తగ్గిన 5 కిలోలు, 34 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న టైరు అంచున కిలో కూడా తగ్గించినట్టు కాదు. తేలికపాటి టైరు ఎంచుకుంటే అంతకన్నా లాభం. రిమ్ముల మీద నల్లటి దుమ్ము పేరుకోదు. నెల రోజులు కదలని కారు డిస్కుల మీద తుప్పు పట్టదు. రోడ్డు మీద తిప్పేవాడు డబ్బు పెట్టేది నిజానికి ఈ మూడింటికే. అవి ముఖ్యం కాకపోతే ఇనుమే తీసుకోండి. దుమ్మే బాధైతే మధ్యేమార్గం ఉంది: ఇనుప డిస్కు మీద 0.07 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ పూత. పోర్షే 2017లో కయెన్‌తో మొదలుపెట్టింది.

సెరామిక్ తీసుకుంటే మాత్రం ఫ్యాక్టరీలోనే బిగించినది తీసుకోండి. కాలిపర్, ప్యాడ్, ఏబీఎస్ అమరిక అన్నీ ఒకదానికొకటి కుదిరినవి ఉంటాయి. డిస్కుకి రోడ్డు మీద పెద్ద శత్రువు టైర్ల షాపు. చక్రం విప్పేటప్పుడు రిమ్ము జారి డిస్కు అంచుకు తగిలితే ఇనుము గీత పడి ఊరుకుంటుంది, సెరామిక్ పెచ్చు ఊడుతుంది. చక్రానికి బోల్టులుంటే ముందు పైన ఉన్న బోల్టు ఒక్కటి తీసి, ఆ కన్నంలో గైడ్ పిన్ను బిగించాలి. తర్వాత మిగతావి తీసి, చక్రాన్ని పిన్ను మీదుగా తిన్నగా బయటికి లాగాలి. ఎక్కించేటప్పుడూ అంతే.

ప్యాడ్లు ఆ డిస్కుకి చెప్పినవే వాడాలి. అరిగి వెనక రేకు తగిలేదాకా ఉంచితే డిస్కు పోయినట్టే. ఇనుప డిస్కులా లేత్ మీద పెట్టి చెక్కించుకుందామంటే కుదరదు. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద తయారీదారు చెప్పిన వేగాల మధ్య, పూర్తిగా ఆగకుండా, వరసగా బ్రేకు వేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పొరలా పరుచుకుంటుంది. ఆ వేడి మీద పెడల్ తొక్కి పట్టుకుని నిలబడితే ఒకే చోట మచ్చ పడి, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. వానలోనూ, కారు కడిగాకా మొదటిసారి బ్రేకు ఒక క్షణం ఆలస్యంగా పట్టవచ్చు. బయల్దేరగానే ఒకసారి మెల్లగా తొక్కి ఆరబెట్టుకోవాలి.

పాత కారు కొంటుంటే డిస్కు మందం కొలిచి సంతృప్తిపడొద్దు. చాలా డిస్కుల మధ్యభాగం మీద కనీస బరువు గ్రాముల్లో చెక్కి ఉంటుంది. డిస్కు విప్పించి, దుమ్ము దులిపి, తడి లేకుండా చూసి, గ్రాముల దాకా చూపే త్రాసు మీద పెట్టించండి. కనీసం 5600 అని ఉండి త్రాసు 5650 చూపిస్తే, చూడ్డానికి కొత్తదానిలా మెరుస్తున్నా ఆ డిస్కు ఆయుష్షు అయిపోవచ్చినట్టే. బేరం అక్కణ్నుంచి మొదలుపెట్టండి.