"మా ఆవిడ పేరు పెట్టేయండి": కంపెనీ డైరెక్టర్ల గురించి అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో కంపెనీల చట్టపరమైన పనులు చూసే కంపెనీ సెక్రటరీగా ప్రాక్టీసు పెట్టి పదిహేనేళ్లు దాటింది. నా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది మనవాళ్లే. కడప నుంచో అనంతపురం నుంచో వచ్చి, వైట్‌ఫీల్డ్‌లో పదేళ్లు ఉద్యోగం చేసి, ఇక సొంతంగా ఏదన్నా మొదలుపెడదామనుకున్నవాళ్లు. ప్రైవేట్ లిమిటెడ్‌కి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలండీ అనగానే జవాబు రెడీగా ఉంటుంది: "అదెంత పని మేడమ్, మా ఆవిడ పేరు పెట్టేయండి."

ఈ పోస్టు ఆ ఆవిడల కోసం. మొహమాటానికి సంతకం పెట్టిన మామగార్లు, బావమరుదులు కూడా చదవొచ్చు.

అపోహ: నేను పేరుకే డైరెక్టర్‌ని

కంపెనీల చట్టం, 2013 మొత్తం తిరగేసినా 'పేరుకే డైరెక్టర్' అన్న రకం దొరకదు. 166వ సెక్షన్‌లో చెప్పిన బాధ్యతలు అందరికీ ఒకటే. చిత్తశుద్ధితో, తగిన జాగ్రత్తతో, సొంత బుద్ధితో నిర్ణయం తీసుకోవాలి. తప్పితే లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా.

రెండేళ్ల కిందట ఒక టీచరమ్మ వచ్చింది. ప్లేస్కూలు పెట్టుకోవాలి, దానికి కంపెనీ రిజిస్టర్ చేయాలి. వివరాలు ఎక్కించి చూస్తే ఆవిడ డైరెక్టరుగా అనర్హురాలు! ఎప్పుడో తమ్ముడి కంపెనీలో రెండో డైరెక్టరుగా చేరింది. వాడు వరసగా మూడేళ్లు లెక్కలు గానీ వార్షిక రిటర్ను గానీ దాఖలు చెయ్యలేదు. అలాంటప్పుడు 164వ సెక్షన్ కింద ఆ కంపెనీ డైరెక్టర్లు ఐదేళ్లపాటు ఇంకే కంపెనీలోనూ డైరెక్టరుగా చేరడానికి పనికిరారు. "వాడు ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పానండీ, అంతే" అంది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ అదే మాట మూడుసార్లు అంది. నేనేం చెప్పను? ఓటీపీ చెప్పడమంటే ఇప్పుడు సంతకం పెట్టడమే.

2017లో కేంద్ర ప్రభుత్వం ఇదే సెక్షన్ కింద లక్ష మందికి పైగా డైరెక్టర్లను అనర్హుల జాబితాలో వేసింది. అప్పుడు మా ఆఫీసుకి వచ్చిన ఫోన్లలో చాలా వాటికి మొదటి ప్రశ్న, "నేను డైరెక్టర్నా?"

అపోహ: మీటింగులు, మినిట్స్ అన్నీ సీఎస్ (కంపెనీ సెక్రటరీ) చూసుకునే లాంఛనాలు

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఏడాదికి నాలుగు బోర్డు మీటింగులు జరగాలి, రెండింటి మధ్య 120 రోజులకు మించకూడదు. చిన్న కంపెనీలకు, గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ఆరు నెలలకొకటి చాలు. ఏడు రోజుల ముందు నోటీసు, ముప్పై రోజుల్లోపు మినిట్స్, అంటే మీటింగులో ఏం జరిగిందో రాసిన రికార్డు. చాలాచోట్ల జరిగేదేమిటంటే, ఆడిటర్ అడిగిన రోజు రాత్రి కూర్చుని ఏడాది మినిట్స్ ఒకేసారి వండేస్తారు.

అలా వండిన పుస్తకం ఒకటి నా బల్ల మీదికొచ్చింది. వాటాదారుల మధ్య గొడవ ముదిరి లాయర్ల దాకా పోయిన కంపెనీ అది. ఫలానా తేదీన ఉదయం పదకొండింటికి మారతహళ్లి ఆఫీసులో ముగ్గురు డైరెక్టర్లూ హాజరై కోటి రూపాయల అప్పుకి ఆమోదం తెలిపారని రాసుంది. మూడో డైరెక్టరు తన ఫోన్ తీసి ఫోటో చూపించాడు. అదే రోజు, దాదాపు అదే టైము. తిరుమలలో కొడుకు పుట్టువెంట్రుకలు. తండ్రీకొడుకులిద్దరివీ నున్నటి గుండ్లు, వెనక కల్యాణకట్ట బోర్డు. కనీసం వీడియోలో హాజరయ్యాడని బుకాయించడానికీ లేదు. దానికి రికార్డింగ్ ఉండాలి.

ఆ అప్పు మంచిదా చెడ్డదా అన్న చర్చ అక్కడితో పక్కకి పోయింది. ఆ పుస్తకంలో మిగతా పేజీలనీ ఎవరూ నమ్మలేదు.

అసలు మినిట్స్ మీకే రక్ష. ఏ డైరెక్టరైనా ఒక తీర్మానాన్ని వ్యతిరేకిస్తే ఆ పేరు మినిట్స్‌లో రాసి తీరాలని 118వ సెక్షన్ చెబుతుంది. రేపు తేడా వచ్చినప్పుడు ఆ ఒక్క లైను చేసే మేలు ఏ లాయరూ చెయ్యలేడు. కానీ మనవాళ్లు బావ ఎదురుగా "నేను ఒప్పుకోను" అని రాయించరు. పెళ్లిలో వడ్డించేవాడికి చాలని చెప్పలేని మొహమాటమే ఇక్కడా!

అపోహ: కంపెనీ నాదే, డబ్బూ నాదే

వాటాలు మీవి. డబ్బు కంపెనీది. ఇంటి డౌన్ పేమెంట్‌కి కంపెనీ ఖాతా నుంచి లాగితే, డైరెక్టర్లకి కంపెనీ అప్పివ్వడాన్ని కట్టడి చేసే 185వ సెక్షన్ అడ్డొస్తుంది. కొన్ని షరతులకు లోబడిన ప్రైవేట్ కంపెనీలకు మినహాయింపు ఉంది గానీ, ఇంకో కంపెనీ మీ దాంట్లో వాటా పెట్టుబడి పెట్టిందంటే ఆ మినహాయింపు పోయినట్టే. ఫండింగ్ వచ్చిన సంబరంలో ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

అపోహ: ఇన్వెస్టరు పంపిన డైరెక్టరు ఇన్వెస్టరు మనిషి

పంపింది వాళ్లే. సీట్లో కూర్చున్నాక బాధ్యత మాత్రం కంపెనీ పట్ల.

అపోహ: పెద్ద పేర్లుంటే బోర్డు గట్టిదే

మన తెలుగువాళ్లకి ఇది వేరేవాళ్లు చెప్పాలా? 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, ప్రమోటర్ కుటుంబానికి చెందిన రెండు మైతాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి సరేనంది. (మైతాస్‌ని ఇంగ్లీషులో వెనక నుంచి చదివితే సత్యమే. అంత బాహాటంగా ఉంది బంధుత్వం.) ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నారు, ఐఎస్‌బీ (హైదరాబాద్ బిజినెస్ స్కూలు) డీన్ ఉన్నారు. వాటాదారులు గగ్గోలు పెడితే గంటల్లో వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరంతో అసలు విషయం బయటపడింది. పుస్తకాల్లో ఉన్న 5,040 కోట్ల నగదు లేనే లేదు. ప్రభుత్వం ఆ బోర్డును తప్పించి కొత్త డైరెక్టర్లను వేసింది.

మేధావులు లేక జరిగింది కాదది. బ్యాంకు స్టేట్‌మెంటు ఎవరు తెచ్చారు, నేరుగా బ్యాంకునే అడిగారా అనే గుమస్తా ప్రశ్న అడగడానికి ప్రొఫెసరక్కర్లేదు. నా క్లయింట్ల బోర్డుల్లో ఇలాంటివి ఎక్కువగా అడిగేది రిటైరైన ఒక బ్యాంకు మేనేజర్ గారు. ఆయనొస్తే ఫౌండర్లకి చిరాకు. నాకైతే ఆ రోజు నిశ్చింత.

అపోహ: కంపెనీ మునిగితే డైరెక్టర్ ఇల్లు వేలం

భయం కూడా అతిగా వద్దు. నిజాయితీగా ఆలోచించి చేసిన వ్యాపారం నష్టపోతే డైరెక్టరు జేబులోంచి కట్టక్కర్లేదు. పర్సనల్ గ్యారంటీ మీద సంతకం పెడితే మాత్రం అది వేరే కథ. ప్రైవేట్ కంపెనీ ఆదాయపు పన్ను బకాయిలు కంపెనీ నుంచి వసూలు కాకపోతే కూడా మీ మీదికొస్తారు. అందులో మీ నిర్లక్ష్యం లేదని మీరే చూపించుకోవాలి. చెక్కు బౌన్స్ కేసుల్లో డైరెక్టరైనంత మాత్రాన నేరస్థులు కారని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కానీ ఆ చెక్కు మీద సంతకం మీదైతే తప్పించుకోవడం కష్టం.

అపోహ: రాజీనామా చేశాను, వదిలిపోయింది

మీరున్న రోజుల్లో జరిగినవాటికి వెళ్లాక కూడా జవాబుదారీ మీరే. రాజీనామా కంపెనీకి అందిన తేదీ నుంచి, లేదా మీరు అందులో రాసిన తేదీ నుంచి, ఏది తర్వాతిదైతే అప్పటినుంచి అమలవుతుంది. అందువల్ల ఫ్యామిలీ గ్రూపులో "ఇక నేను ఉండను బావా" అని మెసేజ్ పెట్టి ఊరుకోకండి. ఈమెయిల్ పంపండి, రిజిస్టర్డ్ పోస్టూ చేయండి. మీరు తప్పుకున్నారని ప్రభుత్వానికి తెలిపే డీఐఆర్-12 ఫారం కంపెనీ ముప్పై రోజుల్లో వేసిందో లేదో ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ) పోర్టల్లో మీరే చూసుకోండి. వెయ్యకపోతే, డైరెక్టరు తరఫున అదే సంగతి తెలిపే డీఐఆర్-11 ఫారం మీరే వేసుకోవచ్చు. టీచరమ్మ తమ్ముడు మూడో ఏడు ఎగ్గొట్టకముందే ఆవిడ ఈ పని చేసుంటే, ఈపాటికి ఆ ప్లేస్కూలు తెరిచి ఉండేది.