పెరోల్ రీకాల్: అపోహలు - వాస్తవాలు

మన దగ్గర పెరోల్ అంటే ఇంట్లో పెళ్లికో చావుకో నాలుగు రోజులు జైలు నుంచి వచ్చి వెళ్లడం. ఇంగ్లండ్, వేల్స్‌లో సంగతి వేరు. శిక్షలో కొంత జైల్లో గడిపాక, మిగిలింది లైసెన్స్ షరతుల మీద బయట గడుపుతారు. షరతు తప్పారని, బయట వాళ్లను పర్యవేక్షించే ప్రొబేషన్ అధికారి భావిస్తే మళ్లీ లోపలికి తీసుకెళ్లొచ్చు. అదే రీకాల్. లాయర్‌గా నేను చూసేది ఈ కేసులే. ఏ కుటుంబం ఫోన్ చేసినా టెన్షన్‌లో అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: కొత్త నేరం చేస్తేనే రీకాల్.

కాదు. అపాయింట్‌మెంట్లకు వెళ్లకపోయినా, చెప్పకుండా ఇల్లు మారినా రీకాల్ కావచ్చు. పోలీసులు కేసు వదిలేసినంత మాత్రాన విడుదల కూడా రాదు. రుజువు కాని ఆరోపణలను, విడుదల చేయాలా వద్దా అని తేల్చే పెరోల్ బోర్డు పరిగణించవచ్చని 2023లో పియర్స్ కేసులో యూకే సుప్రీంకోర్టు చెప్పింది. బోర్డు చూసే అసలు ప్రశ్న ఒక్కటే: ప్రజల రక్షణ కోసం ఈ మనిషిని లోపలే ఉంచడం అవసరమా? అందుకే బోర్డుకు "నా తప్పు లేదు" అని రాసి ఊరుకుంటే సరిపోదు. ఎక్కడ ఉంటారు, ఎవరు చూసుకుంటారు అన్నది కూడా రాయాలి.

అపోహ: డబ్బు లేకపోతే లాయర్ దొరకరు.

ఆదాయ పరిమితికి లోబడి లీగల్ ఎయిడ్, అంటే ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సహాయం ఉంది. వెంటనే అడగండి.

అపోహ: ఫైల్లో ఏముందో ఖైదీకి చూపించరు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇది నమ్మి చాలామంది ఫైలు తెరవకుండానే సంతకాలు పెట్టేస్తారు. రీకాల్ కారణాలు చెప్పాలి, రాతపూర్వకంగా జవాబిచ్చే హక్కు ఉందనీ చెప్పాలి. ఇది 2003 క్రిమినల్ జస్టిస్ చట్టంలోనే ఉంది. బోర్డు చదివే ఫైలు ఖైదీకీ అందాలి. దాచాలంటే 2019 పెరోల్ బోర్డు నిబంధనల్లోని 17వ నిబంధన కింద కారణం చూపాలి: దేశ భద్రత, నేరాల నివారణ, లేదా ఎవరిదైనా ఆరోగ్యం, క్షేమం. దాచడం అవసరమై ఉండాలి, మోతాదు మించకూడదు. ఒక్కోసారి ఆ కాగితం లాయర్‌కు మాత్రమే ఇస్తారు, క్లయింట్‌కు చెప్పకూడదన్న షరతుతో. అలాంటప్పుడు మీ లాయర్ మౌనంగా ఉంటే మిమ్మల్ని మోసం చేస్తున్నారని అనుకోకండి. ఆ షరతుకు ఒప్పుకోవాలా వద్దా అన్నది మాకూ కష్టమైన నిర్ణయమే.

ఫైలును పేరా పేరాగా చదవండి. పాత రిపోర్టులోని పొరపాటు కొత్త రిపోర్టులోకి అలాగే పాకడం నేను చూశాను. తేదీ తప్పైనా, మాట మారినా గుర్తుపెట్టి లాయర్‌కు చెప్పండి.

అపోహ: బోర్డు మనిషిని పిలవకుండా కాగితాల మీదే విడుదల "వద్దు" అంది, ఇక అయిపోయింది.

28 రోజుల్లోపు మౌఖిక విచారణకు దరఖాస్తు చేయవచ్చు. 2013 ఆస్‌బోర్న్ తీర్పులో సుప్రీంకోర్టు, విడుదల అవకాశం ఎంతుందన్నది ఒక్కటే చూడకూడదని, తన గురించిన నిర్ణయంలో పాల్గొనడం ఖైదీకి న్యాయమైన ప్రయోజనమని స్పష్టం చేసింది. ఆస్‌బోర్న్ కూడా రీకాల్ అయిన ఖైదీయే. దరఖాస్తులో ఏ వాస్తవం మీద వివాదం ఉందో, ఏ సాక్షిని ప్రశ్నించాలో స్పష్టంగా రాయించండి.