ఇంగ్లండ్‌లో నీళ్ళ బిల్లు కట్టకపోతే: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో అప్పుల చిక్కుల్లో పడ్డవాళ్ళకు సలహాలివ్వడం నా పని. మన పిల్లలు తరచూ దెబ్బతినేది నీళ్ళ బిల్లు దగ్గరే.

అపోహ: ఫుల్‌టైమ్ విద్యార్థులకు నీళ్ళ బిల్లు ఉండదు.

వాస్తవం: వాళ్ళకు లేనిది కౌన్సిల్ ట్యాక్స్, అంటే స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను. నీళ్ళకు కట్టాల్సిందే. అద్దెలోనే కలిసి ఉందని అగ్రిమెంటులో రాసుకుంటే తప్ప, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళదే బాధ్యత. ఒక తమ్ముడు సంచీ నిండా విప్పని కవర్లు తెచ్చి నా బల్ల మీద గుమ్మరించాడు. "నా పేరు లేదక్కా, అందుకే విప్పలేదు" అన్నాడు. నిజమే, వాటి మీద 'ది ఆక్యుపయర్' అనే ఉంది. అంటే ఆ ఇంట్లో ఉండేవాళ్ళు, వీళ్ళు నలుగురూ. అడుగున ఉన్న కవరు మాత్రం అతని పేరు మీదే వచ్చింది, కోర్టు నుంచి. జవాబివ్వడానికి ఉండేది 14 రోజులే. అదృష్టం, ఇంకా మూడు రోజులు మిగిలాయి. నలుగురూ వాటాలేసుకుని తీర్పు రాకముందే కట్టేశారు.

అపోహ: కట్టకపోతే కుళాయి బంద్.

వాస్తవం: 1989లో నీటి కంపెనీలు ప్రైవేటుపరమయ్యాక బకాయి ఉన్న ఇళ్ళకు నీళ్ళు ఆపేయడం బాగా పెరిగింది. నీళ్ళు లేని ఇంట్లో రోగాలు ప్రబలుతాయని వైద్యులు మొత్తుకున్నారు. 1999లో చట్టం వచ్చింది. బకాయి పేరుతో ఇళ్ళకు నీళ్ళు ఆపకూడదు, ధార సన్నం చేయకూడదు. నాకు ఎంతో ఇష్టమైన చట్టమిది.

అపోహ: ఆపలేరు కాబట్టి ఎగ్గొట్టినా ఏమీ కాదు.

వాస్తవం: ముందు గుర్తుచేసే ఉత్తరాలు, తర్వాత వసూలు ఏజెన్సీ, ఆపైన కౌంటీ కోర్టు. తీర్పు పడితే ఆరేళ్ళు క్రెడిట్ రికార్డులో ఉంటుంది. అద్దె ఇల్లు, ఫోన్ కాంట్రాక్టు, అన్నీ కష్టమే. నెలలోపు మొత్తం కట్టేస్తే ఆ మచ్చ తీసేస్తారు.

అపోహ: బెయిలిఫ్‌లు (కోర్టు తీర్పు మీద బాకీ వసూలుకు వచ్చేవాళ్ళు) తలుపులు బద్దలుకొట్టి వస్తారు.

వాస్తవం: కోర్టు తీర్పు లేకుండా రాలేరు. వచ్చినా, మొదటిసారి బలవంతంగా ఇంట్లోకి చొరబడకూడదు.

అపోహ: కంపెనీకి ఫోన్ చేస్తే ఇంకా ఇరుక్కుంటాం.

వాస్తవం: ఫోన్ చేసినవాళ్ళకే వాయిదాలు దొరుకుతాయి. అప్పుల సలహాదారు ద్వారా 'బ్రీతింగ్ స్పేస్' తీసుకుంటే 60 రోజులు వసూళ్ళు ఆగుతాయి. మీటరు లేని పాత ఇళ్ళకు చాలాచోట్ల ఇప్పటికీ 1990కి ముందు లెక్కగట్టిన ఇంటి విలువను బట్టే బిల్లు వేస్తున్నారు. ఒకరిద్దరే ఉంటే మీటరు అడగండి, ఉచితంగా పెడతారు. ఇల్లు ఖాళీ చేసేరోజు మీటరు ఫోటో తీసి, కంపెనీకి చెప్పి ఖాతా మూయించాకే తాళాలివ్వండి.