పది గళ్ల పటం, ఒక చింతపిక్క

అంగన్‌వాడీకి వచ్చే నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది ఒకటి నుంచి పది దాకా గడగడా అప్పజెప్పేస్తారు. వాళ్లనే ‘ఏడు ఎక్కువా, నాలుగు ఎక్కువా?’ అని అడిగితే తెల్లమొహం వేస్తారు. వరస నోటికి వచ్చింది గానీ ఏ అంకె ఎంతో ఇంకా తెలియలేదన్నమాట.

ఈ లోటును ఆటతో పూడ్చవచ్చని గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు 2008లో అమెరికాలో చూపించారు. పేద కుటుంబాల పిల్లలు వెళ్లే హెడ్ స్టార్ట్ కేంద్రాల్లో 1 నుంచి 10 దాకా అంకెలు వేసిన పది గళ్ల పటం మీద పావులు జరిపే ఆటను రెండు వారాల వ్యవధిలో నాలుగుసార్లు, ఒక్కోసారి 15–20 నిమిషాలు ఆడించారు. అంకెల్ని గుర్తుపట్టడం, పోల్చడం, లెక్కపెట్టడం అన్నీ మెరుగుపడ్డాయి. 9 వారాల తర్వాత చూసినా ఆ మెరుగు పోలేదు. అలాంటి పటం మీదే అంకెలు లేకుండా రంగులతో ఆడిన పిల్లల్లో మాత్రం ఈ మార్పు రాలేదు.

పటం చేసుకోవడం తేలిక. సుమారు 50 సెంటీమీటర్ల పొడవున్న అట్టముక్క మీద ఎడమ నుంచి కుడికి ఒకే వరసలో పది సమానమైన గళ్లు గీసి, 1 నుంచి 10 వేయాలి. పందేనికి ఆ పరిశోధకులు 1, 2 మాత్రమే ఉన్న తిరుగుడు ముల్లు వాడారు. మనకు ఒకవైపు అరగదీసిన చింతపిక్క చాలు: తెలుపు పడితే 2, నలుపు పడితే 1. ఆరు ముఖాల పాచిక వద్దు, రెండు మూడు పందేలకే ఆట అయిపోతుంది.

అసలు కిటుకు పావు జరిపే తీరులో ఉంది. పావు 3లో ఉండగా 2 పడితే, పాప ‘నాలుగు, ఐదు’ అని గడిలోని అంకెను పలుకుతూ జరపాలి. ‘ఒకటి, రెండు’ అనకూడదు. పెద్దవాళ్లకూ ఉన్న అలవాటే కాబట్టి దీన్ని మాన్పించడం కాస్త కష్టం. ఎలిడా లాస్కీ, సీగ్లర్ 2014లో 100 దాకా ఉన్న పటంతో పరీక్షించినప్పుడు, ప్రతి పందేనికీ మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టిన పిల్లలకు ఆ మేలు దక్కలేదు. అంకె పెద్దదయ్యేకొద్దీ పావు వెళ్లిన దూరం, పలికిన పేర్లు, పట్టిన సమయం అన్నీ కలిసి పెరుగుతాయి. గడిలోని అంకెను పలికితేనే ఈ పెరుగుదలకూ ఆ అంకెకూ ముడి పడుతుంది.

మరి వైకుంఠపాళి ఉందిగా అంటారు. ఈ వయసుకు అది సరిపడదు. వరస ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరుగుతుంది. నిచ్చెన ఎక్కితే మధ్య అంకెలు పలకకుండానే దాటిపోతాయి. గుండ్రటి పటం కూడా తిన్నటి పటమంత పని చేయలేదని 2009 నాటి ప్రయోగంలో తేలింది.

పావు ఉన్న గడినే ‘ఒకటి’గా లెక్కపెట్టడం తరచూ కనిపించే పొరపాటు. అప్పుడు పావును వేలితో ఆపి, ‘నువ్విప్పుడు మూడులో ఉన్నావు, పక్కన ఏముంది?’ అని అడిగితే చాలు. పాప తడుముకుంటుంటే టీచరే చెప్పేయడం ఇంకో చిక్కు. ముందు కాసేపు ఆగాలి, అప్పటికీ రాకపోతే తాను పలికి పాప చేత మళ్లీ పలికించాలి. ఒక పటానికి ఇద్దరే ఉండాలి, ముగ్గురైతే ఎక్కువ; పదిమందిని చుట్టూ కూర్చోబెడితే తొమ్మిదిమంది వంతు కోసం చూస్తూ గిల్లుకుంటారు. చివర్లో సరిగ్గా 10 పడాలన్న నియమం కూడా వద్దు. 9లో ఉండి 2 పడినా గెలిచినట్టే.

పని చేసిందో లేదో తెలియాలంటే పటం తీసేసి, రెండు అంకెలు చెప్పి ఏది ఎక్కువో అడగాలి. చింతపిక్కలు మాత్రం ఆట ముందూ తర్వాతా లెక్క చూసుకోవాలి. మూడేళ్లలోపు పిల్లలు గదిలో ఉంటే నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.