ఒకే వెయిట్‌లో ఏలినవాడా, వెయిట్లు మారుతూ పైకెళ్లినవాడా? బాక్సింగ్‌లో అపోహలు - వాస్తవాలు

సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక చేతికట్లు విప్పుకుంటూ మా పిల్లలు ఎప్పటికీ తెగని గొడవ ఒకటి పెట్టుకుంటారు. అమెరికా బాక్సర్ మార్విన్ హ్యాగ్లర్ గొప్పా, ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పాకియావ్ గొప్పా? హ్యాగ్లర్ మిడిల్‌వెయిట్ అనే ఒక్క బరువు విభాగం దాటి పోనేలేదు, పాకియావ్ అలాంటి 8 వెయిట్లలో టైటిల్స్ గెలిచాడు. "ఎనిమిదెక్కడ, ఒకటెక్కడ సార్, ఇంకా వాదనేంటి" అంటారు. చాలా ఏళ్లుగా కోచింగ్‌లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఈ లెక్క తప్పు. మాటలతో ఆగితే నేనూ పట్టించుకోను, కానీ ఇదే లెక్క చివరికి పిల్లల ఒంటి మీదకి వస్తోంది.

అపోహ: ఒకే వెయిట్‌లో ఉండిపోయాడంటే పైవాళ్లంటే భయం.

వాస్తవం: హ్యాగ్లర్ వెయిట్ 160 పౌండ్లు, అంటే సుమారు 72.5 కిలోలు. 1980 సెప్టెంబర్‌లో లండన్‌లో అలన్ మింటర్‌ని 3 రౌండ్లలో ముగించి ఛాంపియన్ అయ్యాడు. 1987 ఏప్రిల్‌లో షుగర్ రే లెనార్డ్ చేతిలో స్ప్లిట్ డెసిషన్‌తో, అంటే ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు అటు, ఒకరు ఇటు చెప్పిన తీర్పుతో, ఓడేదాకా 12 సార్లు ఆ టైటిల్ కాపాడుకున్నాడు. 26 ఏళ్లప్పుడు కాటా మీద ఎంత చూపించాడో 32 ఏళ్లప్పుడూ దాదాపు అంతే చూపించాలి, వయసు పెరిగే కొద్దీ ఒళ్లు బరువెక్కుతున్నా సరే. అది కాక, ఛాంపియన్‌గా ఉన్నన్నాళ్లూ ఆ వెయిట్‌లో ఉన్న ప్రతివాడూ నీ జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా విసిరే పంచ్, ఎటు నుంచి వస్తుంది, అలిసిపోతే ఏ చెయ్యి ముందు దిగుతుంది అని నెలల తరబడి చూసి మరీ వస్తాడు. పైకెళ్లి ఒక టైటిల్ కొట్టడానికి ఒక మంచి రాత్రి చాలు, ఇక్కడ అలాంటి రాత్రులు వరసగా కావాలి.

ఇంకో వైపు కూడా చెప్పాలి. హ్యాగ్లర్ పేరుతో పాటు మనం తలుచుకునే డురాన్, హర్న్స్, లెనార్డ్ ముగ్గురూ కింది వెయిట్ల నుంచి పైకొచ్చినవాళ్లే. లైట్‌వెయిట్‌లో, అంటే 135 పౌండ్లలో, ఛాంపియన్‌గా వెలిగిన డురాన్ 1983లో హ్యాగ్లర్‌తో 15 రౌండ్లూ నిలబడ్డాడు. కాబట్టి ఒకేచోట ఏలినవాణ్ని చూసేటప్పుడు కూడా ఎన్నిసార్లు గెలిచాడని కాదు, ఎవరి మీద గెలిచాడని అడగాలి.

అపోహ: ఎన్ని వెయిట్లలో బెల్టులుంటే అంత గొప్ప.

వాస్తవం: ముందు హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి తెలుసుకోండి. 1937 అక్టోబర్ నుంచి 1938 ఆగస్టు లోపు ఫెదర్‌వెయిట్, వెల్టర్‌వెయిట్, లైట్‌వెయిట్ మూడూ గెలిచి, మూడు టైటిల్సూ ఒకేసారి తన దగ్గర పెట్టుకున్నాడు. అప్పట్లో ప్రధానంగా ఉన్న వెయిట్లే 8. ఇప్పుడు 17, ఒక్కో వెయిట్‌కీ 4 పెద్ద సంస్థల బెల్టులు. ఫ్లైవెయిట్ నుంచి సూపర్ ఫ్లైకి తేడా 3 పౌండ్లే, కిలోన్నర కూడా లేదు. 1988లో లెనార్డ్, డానీ లలాండ్‌ల ఫైట్ 168 పౌండ్ల దగ్గర పెట్టి, సూపర్ మిడిల్, లైట్ హెవీ రెండు టైటిల్సూ ఆ ఒక్క ఫైట్‌కే ఉంచారు. ఒక రాత్రి, ఒక మనిషి మీద గెలుపు, లెక్కలో మాత్రం రెండు వెయిట్లు! అలాగని పాకియావ్‌ది ఉత్త లెక్క అని నేననను. 112 పౌండ్లలో ఛాంపియన్ అయినవాడు 2010లో మార్గరిటో మీదకి వెళ్లాడు, 150 పౌండ్ల పరిమితి పెట్టుకుంటే కాటా మీద తను తూగింది 144.6. తనకంటే అంత ఎత్తైన మనిషిని 12 రౌండ్లూ కొట్టాడు, అది చూసినవాళ్లకి ఏ లెక్కా అక్కర్లేదు.

అపోహ: పైకెళ్లడమంటే బాగా తినడమే, పంచ్ దానంతటదే వస్తుంది.

వాస్తవం: పంచ్ అంత తేలిగ్గా వెంట రాదు. 2009లో కోటోని ఆపిన (అంటే పాయింట్లదాకా పోకుండా ఫైట్ మధ్యలోనే ముగించిన) తర్వాత పాకియావ్ మళ్లీ ఒకణ్ని ఆపింది 2018లో, మతీస్‌ని. మధ్యలో గెలిచినవన్నీ పాయింట్ల మీదే. పైకెళ్లి తిరిగి దిగడం ఇంకా కష్టం. రాయ్ జోన్స్ 2003 మార్చిలో 193 పౌండ్లతో హెవీవెయిట్‌కి వెళ్లి 226 పౌండ్ల జాన్ రూయిజ్‌ని ఓడించాడు. అదే ఏడాది నవంబర్‌కి మళ్లీ 175కి దిగి టార్వర్ మీద అతికష్టంగా గెలిచాడు, 2004 మేలో అదే టార్వర్ చేతిలో రెండో రౌండ్‌లో పడిపోయాడు. వయసు కూడా ఉంది, 35. కానీ అప్పుడే పెంచిన కండని అంత తొందరగా కరిగిస్తే కాళ్లలో సత్తువ కూడా దాంతోపాటే పోతుందని నా నమ్మకం.

అపోహ: కింది వెయిట్‌లో ఆడిస్తే మా వాడికి మెడల్ ఈజీ.

వాస్తవం: తల్లిదండ్రులు ఇది మాత్రం తప్పక చదవండి. ప్రొఫెషనల్స్‌కి ముందురోజే బరువు చూస్తారు, మళ్లీ నీళ్లు తాగి తేరుకోవడానికి ఒక రోజుంటుంది. అంత టైమున్నా పాకియావ్ 1999లో ఫ్లైవెయిట్ బరువు దిగలేక టైటిల్‌ని కాటా మీదే పోగొట్టుకున్నాడు, ఆ తర్వాత ఫైట్‌లో మూడో రౌండ్‌లో పడిపోయాడు. ఆ వెంటనే రెండు వెయిట్లు దాటి 122కి వెళ్లాక కదా మనకి తెలిసిన పాకియావ్ బయటపడింది! మన అమెచ్యూర్ టోర్నీల్లో అయితే బౌట్ ఉన్న రోజు పొద్దున్నే కాటా ఎక్కాలి, మళ్లీ బౌట్ ఉంటే మళ్లీ ఎక్కాలి.

చాలాసార్లు వెయిట్‌ని మనం ఎంచుకోం, క్యాలెండర్ ఎంచుతుంది, అంటే ఆ ఏడాది పెద్ద టోర్నీలో ఏ వెయిట్లు పెట్టారన్నది. మేరీ కోమ్ అప్పటికి 45 నుంచి 48 కిలోల మధ్యే 5 సార్లు వరల్డ్ ఛాంపియన్, కానీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 51, 60, 75 మాత్రమే పెట్టారు, ఆమె 51కి వెళ్లి కాంస్యం తెచ్చింది. లవ్‌లీనా టోక్యోలో 69 కిలోల్లో కాంస్యం గెలిచింది, పారిస్‌లో ఆ వెయిట్ లేదు, 75కి వెళ్లి 2023లో వరల్డ్ ఛాంపియన్ అయింది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52లో, 2023లో 50లో గెలిచింది, ఆమె కిందకి దిగింది. ముగ్గురివీ మూడు దారులు, ఎవరి ఒళ్లు ఎంత ఓర్చుకుంటుందో చూసి వేసినవి.

మా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు, 15 ఏళ్లు. ఎదిగే వయసు, ఎముకలు సాగుతున్నాయి, ఇంట్లో మాత్రం పాత వెయిట్‌లోనే ఆడాలని పట్టు. ఒక టోర్నీ రోజు తెల్లవారుజామున ప్లాస్టిక్ సూట్ వేసుకుని మెట్ల మీద పరిగెడుతూ చేతిలో గ్లాసులోకి ఉమ్ముతున్నాడు, పెదాలు పగిలి తెల్లగా అయిపోయాయి. కాటా మీద 300 గ్రాములు ఎక్కువ చూపించింది. అప్పుడు నా కళ్లలోకి చూశాడు చూడండి, ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. నేనే ఆపించాను, వాళ్ల నాన్నగారు నెలరోజులు మాట్లాడలేదు.

తర్వాతి టోర్నీకి పై వెయిట్‌లో పేరిచ్చాం. ముందురోజు రాత్రి కడుపునిండా అన్నం తిన్నాడు, పొద్దున కాటా దిగాక నాలుగు ఇడ్లీలు. మొదటి బౌట్‌లోనే పాయింట్ల మీద ఓడిపోయాడు. కానీ మూడో రౌండ్ గంట కొట్టేదాకా చేతులు గడ్డం దగ్గరే ఉన్నాయి, కిందకి జారలేదు. రింగ్ దిగి వచ్చి నీళ్ల సీసా అడిగాడు, "వాడికి నా హుక్ తగిలింది సార్, చూశారా" అన్నాడు.