ఫైలు పేరు మారిస్తే గిట్‌లో హిస్టరీ పోతుందా? అపోహలు - వాస్తవాలు

మాది కడప. బ్రిటిష్ కాలం నాటి ఇంగ్లిష్ స్పెల్లింగ్ 2005లో మారింది. 2010లో వైఎస్సార్ జిల్లా అయింది. 2022లో రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా విడిపోయింది. ఇప్పుడు మాది వైఎస్సార్ కడప. ఇన్ని పేర్లు మారినా ఇక్కడ స్థలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు పట్టుకుని వెనక్కి వెళ్లి అసలు హక్కుదారు ఎవరో తేల్చుకుంటాడు. గిట్ (ప్రోగ్రామ్ ఫైళ్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) కూడా ఫైళ్లకు అలాంటి లింకు డాక్యుమెంటు రాసిపెడుతుందని చాలామంది నమ్మకం. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

అపోహ: ‘గిట్ ఎంవీ’ కమాండుతో పేరు మారిస్తేనే హిస్టరీ నిలుస్తుంది.

పేరు మార్పు అనేదాన్ని గిట్ ఎక్కడా నమోదు చేయదు. ఫైలును మామూలుగా మార్చి, పాతదాన్ని తీసేసి, కొత్తదాన్ని యాడ్ చేసినా కమిట్‌లో, అంటే మనం ఒక్కో విడత పనిని భద్రపరిచే నమోదులో, పడేది అదే. ‘ఎంవీ’ ఆ రెండు పనులనూ ఒకేసారి చేసిపెడుతుంది, అంతే. ప్రతి కమిట్‌లోనూ ఆ క్షణంలో ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో ఉంటుంది. మనం అడిగినప్పుడు గిట్ రెండు కమిట్లను పక్కపక్కన పెట్టి, మాయమైన ఫైలుకూ కొత్తగా వచ్చినదానికీ పోలిక చూస్తుంది. కనీసం 50 శాతం కలిస్తే పేరు మారిందని అనుకుంటుంది. ఆ 50ని మనం మార్చుకోవచ్చు కూడా. గిట్ లాంటిదే అయిన మెర్క్యురియల్ ఇందుకు భిన్నం, పేరు మార్పును కమిట్‌లోనే రాసుకుంటుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టినప్పుడే దాన్ని రాయకూడదనే పట్టుతో ఉన్నాడు. నాకు ఆ పట్టు నచ్చుతుంది, కానీ దాని ఖర్చు మనం కడుతున్నాం.

అపోహ: పేరు మార్చగానే పాత కమిట్లు పోతాయి.

“అన్నా, హిస్టరీ అంతా పోయిందన్నా” అని జూనియర్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఎక్కడికీ పోలేదు. లాగ్‌కు (కమిట్ల జాబితా చూపే కమాండుకు) ‘ఫాలో’ ఆప్షన్ ఇవ్వు, పాత పేరు కిందివి కూడా వస్తాయి. అది ఒక్కసారికి ఒక్క ఫైలుకే పనిచేస్తుంది. పైగా ఒక బ్రాంచిలో (పక్కగా విడిపోయి నడిచే పని వరుసలో) పాత పేరుతో, ఇంకోదానిలో కొత్త పేరుతో పని సమాంతరంగా నడిచి ఉంటే కొన్ని కమిట్లు జారిపోతాయి. అలాంటప్పుడు రెండు పేర్లూ ఇచ్చి విడిగా వెతకడమే మేలు.

అపోహ: ఫైలు లాగ్‌లో కనబడకపోతే ఆ మార్పు ఎవరూ చేయలేదు.

దీనివల్ల నేను ఒక రాత్రంతా కూర్చున్నాను. మార్కెట్ యార్డు వ్యాపారుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అది. పసుపు బస్తాలకు తరుగు రెండుసార్లు తీసేస్తోంది. ఆ తప్పును మూడు నెలల ముందే సరిచేసింది నేనే. ఫైలు పేరిచ్చి లాగ్ చూస్తే నా కమిట్ లేదు! టెన్షన్‌తో నా జ్ఞాపకాన్నే అనుమానించాను.

జరిగింది ఇది: మర్జ్‌లో (రెండు బ్రాంచిలను కలపడంలో) కాన్‌ఫ్లిక్ట్ వస్తే, అంటే రెండు వైపుల మార్పులూ ఢీకొంటే, ఎవరో మెయిన్‌లో (ప్రధాన బ్రాంచిలో) ఉన్న వెర్షన్‌నే ఉంచేశారు. ఫైలు పేరిచ్చి లాగ్ అడిగితే గిట్ ఒక అడ్డదారి తొక్కుతుంది. మర్జ్ తర్వాతి ఫైలు ఒక తల్లి కమిట్‌లోని (మర్జ్‌లో కలిసిన రెండు కొసల్లో ఒకదానిలోని) ఫైలుతో అచ్చంగా సరిపోతే, ఆ దారినే వెనక్కి నడిచి, రెండో బ్రాంచి వైపు తొంగి కూడా చూడదు. నా సవరణ ఉన్నది ఆ రెండో బ్రాంచిలోనే. ‘ఫుల్ హిస్టరీ’ ఆప్షన్ ఇస్తే అప్పుడు బయటపడింది.

ఇంకో తిరకాసు ఉంది. ఫైలు పేరేమీ ఇవ్వకుండా, లాగ్‌కు క్యాపిటల్ ‘ఎస్’ ఆప్షన్‌తో నేను సరిచేసిన లైనునే వెతికితే అది చేరిన కమిట్ దొరుకుతుంది, అది మాయమైన కమిట్ దొరకదు. మర్జ్ కమిట్లలోని తేడాలను లాగ్ మామూలుగా చూపించదు కాబట్టి. చిన్న ‘ఎం’ ఆప్షన్ కలిపితే ఒక్కొక్క తల్లి కమిట్‌తోనూ తేడా చూపిస్తుంది. ఎవరు మర్జ్ చేశారో కూడా తెలిసింది. పేరు చెప్పను, ఆ పని నేనూ ఇంకోచోట చేసి ఉంటాను.

అపోహ: బ్లేమ్‌లో (ఒక్కో లైను పక్కన ఒక్కో పేరు చూపే కమాండులో) పేరున్నవాడే ఆ లైను రాశాడు.

ఆఖరిగా ముట్టుకున్నవాడు, అంతే. ఫైలు మొత్తానికీ పేరు మారితే బ్లేమ్ తనంతట తానే వెనక్కి వెళ్తుంది. వేరే ఫైలు నుంచి తెచ్చి అతికించిన ముక్కకైతే క్యాపిటల్ ‘సి’ ఆప్షన్ కావాలి. కోడ్‌ను సర్దడం లాంటి ఫలానా కమిట్లను వదిలేయమని బ్లేమ్‌కు చెప్పే సౌకర్యం 2019లో, 2.23 వెర్షన్‌తో వచ్చింది.

అపోహ: పేరు మార్పును వేరే కమిట్‌గా చేస్తే ఇక బేఫికర్.

సగం నిజం. లాగ్‌కు, బ్లేమ్‌కు అది బాగా పనికొస్తుంది. స్క్వాష్ చేసి మర్జ్ చేశారనుకోండి, పేరు మార్చిన కమిట్, ఫైలు లోపల మార్చిన కమిట్ రెండూ ఒకటైపోయి మీ జాగ్రత్త కొట్టుకుపోతుంది. మామూలు మర్జ్‌లోనూ గిట్ మధ్య కమిట్లను చూడదు. బ్రాంచిలు విడిపోయిన చోటినీ, రెండు కొసలనూ మాత్రమే పోలుస్తుంది. పేరు మార్చిన బ్రాంచిలోనే నెల రోజులు ఫైలును తిరగరాస్తే పోలిక 50 శాతం కిందికి పడిపోతుంది. అవతలివాడు పాత పేరుతో అదే ఫైలు మార్చి ఉంటే, ఒకరు తీసేశారు, ఒకరు మార్చారు అని కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. మర్జ్‌కు ‘ఫైండ్ రినేమ్స్’ అని 30 ఇచ్చి చూడండి, చాలాసార్లు గట్టెక్కుతుంది.

మా టీములో పేరు మార్పు ఒక్కటే ఉన్న కమిట్ ముందు మెయిన్‌లోకి వెళ్తుంది, అదీ స్క్వాష్ లేకుండా. అందరూ దాన్ని తమ బ్రాంచిలోకి కలుపుకున్నాకే ఆ ఫైలులో ఎవరైనా చెయ్యి పెట్టేది.